బడి మెయిల్ ఎవరి పేరున తెరుచుకుంటోంది?

కార్యాలయ కంప్యూటర్లో ‘డీఫాల్ట్’ ఖాతా సరిగా లేకపోతే ఉత్తర్వులు చేరవు, గడువులు దాటిపోతాయి, పంపిన లేఖలకు ఆధారం మిగలదు. సరిచేసుకోవడం పెద్ద పనేం కాదు. ఎలాగో చూద్దాం.

బడి కార్యాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని మెయిల్ గుర్తు మీద నొక్కండి. తెరుచుకున్న ఇన్‌బాక్స్ పైన ఎవరి పేరుంది? బడి పేరా? ఎప్పుడో పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయుడి పేరా? ఒక ఏడాది పనిచేసి వెళ్లిపోయిన కంప్యూటర్ మాస్టారి పేరా?

మెయిల్ వస్తోంది, పోతోంది కదా అని ఈ సంగతి ఎవరూ పట్టించుకోరు. పరీక్ష రుసుము గడువు పెంచిన సర్క్యులర్ అందలేదని, ఉపకార వేతనాల జాబితా తిరిగొచ్చిందని తెలిసిన రోజున వెతుకులాట మొదలవుతుంది. తీరా చూస్తే మెయిల్ వచ్చే ఉంటుంది. ఎవరూ తెరవని ఇన్‌బాక్స్‌లో పడి ఉంటుంది. లేదా బడి పంపిన జవాబు ఎవరిదో సొంత చిరునామా నుంచి వెళ్లి, అవతలి కార్యాలయంలో ‘గుర్తు తెలియని పంపకందారు’ కింద పక్కన పెట్టి ఉంటుంది.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఏ ఖాతాను ముందు తెరవాలో కంప్యూటర్‌కు ఎప్పుడో ఎవరో చెప్పారు. ఆ తర్వాత మనుషులు మారారు గానీ ఆ మాట మారలేదు. దాన్నే డీఫాల్ట్ అంటాం.

మూడు రకాల నష్టం

మొదటిది, రావాల్సినవి కంటపడవు. శాఖ దగ్గర నమోదైన చిరునామా ఒకటి, కంప్యూటర్లో రోజూ తెరుచుకునేది మరొకటి అయితే, రెండోదాన్ని చూసి ‘ఈరోజు ఏమీ రాలేదు’ అనుకుంటాం. జీమెయిల్‌లో స్పామ్‌లో పడిన మెయిల్ 30 రోజులకు తనంతట తానే చెరిగిపోతుంది. అందువల్ల నెలకోసారి చూసినా కొన్ని దక్కవు.

రెండోది, పోవాల్సినవి వేరే పేరున పోతాయి. బడి తరఫున రాసిన లేఖ గుమాస్తా సొంత చిరునామా నుంచి వెళ్తే, దానికి జవాబు కూడా అక్కడికే వస్తుంది. ఆయన సెలవులో ఉంటే ఆ జవాబు కూడా సెలవులోనే ఉంటుంది.

మూడోది, చూడకూడనివి కంటపడతాయి. ఉపాధ్యాయురాలి సొంత మెయిల్ కార్యాలయ కంప్యూటర్లో తెరిచే ఉంటే, తర్వాత వచ్చి కూర్చున్న ఎవరైనా ఆమె బ్యాంకు కాగితాలు చూడవచ్చు. బడి మెయిల్లో పిల్లల ఆధార్ వివరాలు, కుల ధ్రువపత్రాలు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు ఉంటాయి. అవి ఎవరి సొంత ఇన్‌బాక్స్‌లోనూ ఉండాల్సినవి కావు. వ్యక్తిగత సమాచార రక్షణకు మన దేశంలో 2023లో ప్రత్యేక చట్టమే వచ్చింది.

మన బడులకు ఎందుకు మరీ ముఖ్యం

ఏ బడికైనా మెయిల్ అవసరమే. అయితే సొంత రాష్ట్రం కాని చోట తెలుగు నడుపుకొంటున్న బడికి ఉత్తరప్రత్యుత్తరాల బరువు ఎక్కువ. కర్ణాటకలో శాట్స్, తమిళనాడులో ఎమిస్, మహారాష్ట్రలో సరళ్ వంటి విద్యార్థుల నమోదు వ్యవస్థలున్నాయి. వాటికి తోడు దేశమంతటికీ యూడైస్ ప్లస్ ఉంది. అందులో ప్రతి బడికీ 11 అంకెల సంఖ్య ఉంటుంది. వీటన్నింటిలో బడి మెయిల్, ఫోన్ నంబరు ఒకటే ఉన్నాయా, వేర్వేరుగా ఉన్నాయా అన్నది చాలాచోట్ల తెలియని సంగతే.

యానాం సంగతే చూడండి. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా విద్యాశాఖ పాలన పుదుచ్చేరి నుంచి సాగుతుంది. మధ్య దూరం 800 కిలోమీటర్లకు పైమాటే. ఒక కాగితం కోసం మనిషిని పంపే వీలు లేని చోట మెయిలే తపాలా, మెయిలే రశీదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యాస చట్టం కింద తమిళం తప్పనిసరి అయింది. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరిన పిల్లలు 2016లో పదో తరగతి పరీక్షకు వచ్చారు. అప్పటి నుంచి అల్పసంఖ్యాక భాషల పిల్లల మినహాయింపు కోర్టుల్లోనూ ఉత్తర్వుల్లోనూ తేలాల్సిన విషయమైంది. అలాంటి ఉత్తర్వు బడికి ఏ రోజు చేరింది, ఎవరు చదివారు అన్నది పిల్లవాడి పరీక్షకు నేరుగా ముడిపడిన సంగతి.

ఇంకొక మాట. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతుంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారి ఉండాలని 350-బి చెబుతుంది. ఈ రెండూ 1956లో ఏడో సవరణతో వచ్చాయి. హక్కు రాజ్యాంగంలో ఉంది. దాన్ని అడిగి తెచ్చుకునే దారి మాత్రం కాగితం మీదుగానే. ‘తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉందని జూన్‌లో రాశాం, ఆగస్టులో గుర్తుచేశాం, పుస్తకాలు రాలేదని సెప్టెంబరులో మళ్లీ రాశాం’ అని చెప్పాలంటే ఆ మూడు లేఖలూ ఒకేచోట, బడి పేరున, తేదీలతో కనిపించాలి. అవి ముగ్గురు మనుషుల సొంత ఖాతాల్లో చెదిరి ఉంటే బడి దగ్గర ఆధారం లేనట్టే.

మహారాష్ట్ర బడుల్లో ఆవక్-జావక్ రిజిస్టరు అంటారు. మిగతాచోట్ల ఇన్‌వర్డు, అవుట్‌వర్డు అంటారు. పేరేదైనా ఆ రిజిస్టరును ప్రధానోపాధ్యాయుడు పదవీ విరమణ రోజున ఇంటికి పట్టుకెళ్లరు. మెయిల్ కూడా అంతే. ఇన్‌బాక్స్ ఆవక్ రిజిస్టరు, సెంట్ పెట్టె జావక్ రిజిస్టరు.

ఖాతా వేరు, ప్రొఫైల్ వేరు

సరిచేసే ముందు మూడు మాటలు తెలుసుకుంటే పని సులువవుతుంది.

ఖాతా అంటే మెయిల్ చిరునామా, దాని పాస్‌వర్డ్. ఇది జీమెయిల్ వంటి సంస్థ దగ్గర ఉంటుంది. మన కంప్యూటర్ పాడైనా ఖాతా పోదు.

ప్రొఫైల్ అంటే ఏ ఖాతాలు వాడాలి, వచ్చిన మెయిల్ ఎక్కడ దాచాలి అని మన కంప్యూటర్ రాసిపెట్టుకున్న చీటీ. ఒక ప్రొఫైల్‌లో రెండు మూడు ఖాతాలుండవచ్చు. ఒక కంప్యూటర్లో రెండు మూడు ప్రొఫైళ్లుండవచ్చు.

డీఫాల్ట్ అంటే అడగకుండానే ముందు తెరుచుకునేది. ఇది రెండు అంచెల్లో ఉంటుంది. ఏ ప్రొఫైల్ తెరవాలి అన్నది మొదటిది. అందులో ఏ ఖాతా నుంచి కొత్త మెయిల్ పంపాలి అన్నది రెండోది. చాలామంది ఒకటి మార్చి రెండోది వదిలేస్తారు. బడి ఇన్‌బాక్స్ తెరుచుకుంటుంది గానీ, రాసిన మెయిల్ మాత్రం పాత పేరునే వెళ్తుంది.

అవుట్‌లుక్ వాడే బడుల్లో

పాత తరహా అవుట్‌లుక్ ఉన్న కంప్యూటర్లో ఈ పని అవుట్‌లుక్ బయట, కంట్రోల్ ప్యానెల్‌లో జరగాలి. ముందు అవుట్‌లుక్‌ను పూర్తిగా మూసేయండి. స్టార్ట్ దగ్గర ‘కంట్రోల్ ప్యానెల్’ అని వెతికి తెరవండి. అందులో ‘మెయిల్’ అనే గుర్తుంటుంది. కనబడకపోతే పైన కుడివైపు ‘వ్యూ బై’ దగ్గర ‘స్మాల్ ఐకాన్స్’ ఎంచుకోండి.

‘మెయిల్’ తెరిచి ‘షో ప్రొఫైల్స్’ నొక్కితే ఆ కంప్యూటర్లో ఉన్న ప్రొఫైళ్ల జాబితా వస్తుంది. బడి పేరున ప్రొఫైల్ లేకపోతే ‘యాడ్’ నొక్కి, బడి పేరే దానికి పెట్టి, బడి మెయిల్ ఖాతాను అందులో చేర్చండి. తర్వాత కింద రెండు ఎంపికలుంటాయి. ‘ప్రాంప్ట్ ఫర్ ఎ ప్రొఫైల్’ ఎంచుకుంటే తెరిచిన ప్రతిసారీ ఏది కావాలని అడుగుతుంది. ‘ఆల్వేస్ యూజ్ దిస్ ప్రొఫైల్’ ఎంచుకుని, పక్కన బడి ప్రొఫైల్ పేరు పెడితే ఎప్పుడూ అదే తెరుచుకుంటుంది. బడి కార్యాలయానికి రెండోదే మంచిది. అడిగే పద్ధతి ఉంటే తొందరలో ఎవరో ఒకరు పాతదాన్నే నొక్కుతారు.

ఇక రెండో అంచె. అవుట్‌లుక్ తెరిచి ‘ఫైల్’, ‘అకౌంట్ సెట్టింగ్స్’, మళ్లీ ‘అకౌంట్ సెట్టింగ్స్’ నొక్కండి. ఖాతాల జాబితాలో బడి ఖాతాను ఎంచుకుని ‘సెట్ యాజ్ డీఫాల్ట్’ నొక్కండి. అలాగే ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘మెయిల్’ లోకి వెళ్తే కొత్త మెయిల్ రాసేటప్పుడు ఎప్పుడూ డీఫాల్ట్ ఖాతానే వాడమనే గడి ఉంటుంది. దానికి టిక్ పెట్టండి. అది లేకపోతే ఆ క్షణంలో ఏ ఖాతా తెరిచి ఉంటే దాని నుంచే మెయిల్ వెళ్తుంది.

కొత్త అవుట్‌లుక్‌లో కంట్రోల్ ప్యానెల్ ప్రొఫైళ్లు పనిచేయవు. అందులో ‘సెట్టింగ్స్’, ‘అకౌంట్స్’ లోకి వెళ్లి బడి ఖాతాను ప్రధాన ఖాతాగా పెట్టాలి. విండోస్‌తో పాటు వచ్చిన ‘మెయిల్’ యాప్‌ను ఇంకా నమ్ముకుని ఉంటే, మైక్రోసాఫ్ట్ దానికి 2024 డిసెంబరు 31తో మద్దతు ఆపేసింది. అందులో కొత్త మెయిల్ రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు.

పాత ప్రొఫైల్‌ను వెంటనే తీసేయకండి. ‘రిమూవ్’ నొక్కితే ఆ ప్రొఫైల్ కోసం కంప్యూటర్లో దాచిన నకళ్లు చెరిగిపోతాయి. పాప్ పద్ధతిలో పెట్టిన ఖాతా అయితే మెయిల్ సర్వరు నుంచి దిగి ఆ ఒక్క కంప్యూటర్లోనే మిగిలి ఉండవచ్చు. ఆ పాత మెయిళ్లు సాధారణంగా ‘డాక్యుమెంట్స్’లోని ‘అవుట్‌లుక్ ఫైల్స్’ అనే ఫోల్డర్‌లో పీఎస్‌టీ దస్త్రంగా ఉంటాయి. ముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి, బీరువాలో దాచి, తర్వాతే పాత ప్రొఫైల్ జోలికి వెళ్లండి.

‘నిన్న మార్చాను, ఈరోజు మళ్లీ పాతదే వచ్చింది’ అనే ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది. దానికి ఎక్కువగా కారణం ఒకటే. అవుట్‌లుక్ ప్రొఫైల్ విండోస్ లాగిన్‌కు కట్టుబడి ఉంటుంది. గుమాస్తా ఒక లాగిన్‌తో, ప్రధానోపాధ్యాయురాలు మరో లాగిన్‌తో కంప్యూటర్ తెరుస్తుంటే ఒకరి దగ్గర చేసిన మార్పు మరొకరికి వర్తించదు. ఇద్దరి లాగిన్‌లోనూ ఈ పని విడిగా చేయాలి.

అవుట్‌లుక్ పాస్‌వర్డ్ పదే పదే అడుగుతుంటే, పాస్‌వర్డ్ సరైనదే అయినా ఒప్పుకోకపోతే, అది పాత అవుట్‌లుక్‌లో జీమెయిల్ పెట్టుకున్నవారికి ఎదురయ్యే చిక్కు. మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రాములు లోనికి రావడాన్ని గూగుల్ సొంత ఖాతాల విషయంలో 2022 మే 30 నుంచి ఆపేసింది. ఖాతాకు రెండంచెల తనిఖీ పెట్టుకుని, గూగుల్ ఇచ్చే 16 అక్షరాల ‘యాప్ పాస్‌వర్డ్’ను అక్కడ వాడాలి. అది వద్దనుకుంటే బ్రౌజర్లోనే మెయిల్ తెరవడం మేలు.

జీమెయిల్‌ను బ్రౌజర్లో తెరిచే బడుల్లో

అవుట్‌లుక్ లేకుండా క్రోమ్‌లో జీమెయిల్ తెరిచే బడుల్లో చిక్కు మరో రూపంలో వస్తుంది. ఒకే బ్రౌజర్లో రెండు మూడు ఖాతాలు తెరిచి ఉంటే, మొదట లాగిన్ అయిన ఖాతాయే డీఫాల్ట్ అవుతుంది. దీనివల్ల మెయిల్ కంటే ఎక్కువ ఇబ్బంది గూగుల్ ఫారాలు, షీట్ల దగ్గర వస్తుంది. విద్యాధికారి కార్యాలయం బడి చిరునామాకు షీట్ పంచుతుంది. లింకు నొక్కితే గుమాస్తా సొంత ఖాతాతో తెరుచుకుని, ‘మీకు అనుమతి లేదు’ అంటుంది. బడికి అనుమతి ఇవ్వలేదని మనం వాళ్లను అడుగుతాం. ఇచ్చామని వాళ్లంటారు. ఇద్దరి మాటా నిజమే. లింకు తెరుచుకున్న ఖాతాయే వేరు.

తాత్కాలికంగా సరిచేయాలంటే అన్ని ఖాతాల నుంచీ సైన్ అవుట్ అయ్యి, ముందు బడి ఖాతాతో లోనికి రండి. మిగతావి తర్వాత చేర్చండి.

శాశ్వతంగా సరిచేయాలంటే క్రోమ్‌లోనే బడికి వేరే ప్రొఫైల్ పెట్టండి. క్రోమ్ పైన కుడివైపు మూలనున్న గుండ్రటి బొమ్మ నొక్కి, కొత్త ప్రొఫైల్ చేర్చే ఎంపిక తీసుకోండి. దానికి బడి పేరు పెట్టి, ఒక రంగు ఎంచుకోండి. అందులో బడి ఖాతా ఒక్కటే తెరవండి. డెస్క్‌టాప్ మీద ఆ ప్రొఫైల్‌కు గుర్తు పెట్టుకుంటే నేరుగా బడి మెయిలే తెరుచుకుంటుంది. కిటికీ రంగు చూడగానే ఏ ఖాతాలో ఉన్నామో తెలిసిపోతుంది.

ఉపాధ్యాయులు సొంత మెయిల్ చూసుకోవాల్సి వస్తే ‘గెస్ట్’ కిటికీ వాడమనండి. దాన్ని మూయగానే లాగిన్, చూసిన పేజీల జాడ చెరిగిపోతాయి. దించుకున్న దస్త్రాలు మాత్రం కంప్యూటర్లోనే ఉంటాయి. వాటిని ఎవరికి వారే తీసేయాలి. సొంత పాస్‌వర్డ్‌ను దాచమంటారా అని బ్రౌజర్ అడిగితే, పదిమంది వాడే కంప్యూటర్లో ‘వద్దు’ అనడమే సరైన జవాబు.

చిరునామా మీద నొక్కితే ఏది తెరుచుకుంటుంది?

శాఖ వెబ్‌సైట్‌లో మెయిల్ చిరునామా మీద నొక్కితే, ఎన్నడూ వాడని ప్రోగ్రామ్ ఒకటి తెరుచుకుని ‘ఖాతా పెట్టండి’ అని అడగడం చాలామంది చూసే ఉంటారు. ఇది విండోస్ డీఫాల్ట్ యాప్‌ల సంగతి. ‘సెట్టింగ్స్’, ‘యాప్స్’, ‘డీఫాల్ట్ యాప్స్’ లోకి వెళ్లండి. విండోస్ 10లో ‘ఈమెయిల్’ అని నేరుగా ఉంటుంది. విండోస్ 11లో పైనున్న వెతుకు గడిలో ‘మెయిల్‌టు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే వస్తుంది. అక్కడ మీరు వాడే అవుట్‌లుక్‌ను గానీ క్రోమ్‌ను గానీ ఎంచుకోండి.

క్రోమ్ ఎంచుకుంటే ఇంకొక మెట్టుంది. జీమెయిల్ తెరిచి ఉన్నప్పుడు చిరునామా పట్టీ చివర ఒకదానిమీద ఒకటిగా రెండు వజ్రాల ఆకారంలో చిన్న గుర్తు కనిపిస్తుంది. దాన్ని నొక్కి అనుమతి ఇస్తే, ఇకపై మెయిల్ చిరునామాలన్నీ జీమెయిల్‌లోనే తెరుచుకుంటాయి.

పంపేవారి పేరు, సంతకం

చిరునామా బడిదే అయినా, పంపేవారి పేరు దగ్గర పాత ప్రధానోపాధ్యాయుడి పేరే కనిపిస్తూ ఉండవచ్చు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘అకౌంట్స్ అండ్ ఇంపోర్ట్’ కింద ‘సెండ్ మెయిల్ యాజ్’ దగ్గర దాన్ని మార్చాలి. బడి పేరు, ఊరు, జిల్లా ఉండేలా రాయండి. ఆ ఖాతాకు ఒకటికి మించి చిరునామాలు కలిపి ఉంటే, ఏది డీఫాల్టో అక్కడే తేల్చండి. మెయిల్ ఏ చిరునామాకు వచ్చిందో దాని నుంచే జవాబు వెళ్లే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది. అది పెట్టుకుంటే జవాబులు దారి తప్పవు.

సంతకంలో బడి పూర్తి పేరు, యూడైస్ సంఖ్య, బోధనా మాధ్యమం, కార్యాలయ ఫోన్ నంబరు ఉంచండి. అవతలి కార్యాలయంలో మన లేఖను తెరిచే ఉద్యోగి కన్నడిగుడో ఒడియా మనిషో కావచ్చు. ఒకే పేరున్న బడులు జిల్లాలో నాలుగుండవచ్చు. 11 అంకెల సంఖ్య ఉంటే పొరపాటుకు తావుండదు. మనిషి పేరు రాయాలనుకుంటే హోదాతో పాటు రాయండి. మనిషి మారినప్పుడు ఆ ఒక్క వరుస మారిస్తే చాలు.

తాళం ఎవరి దగ్గర ఉంది?

డీఫాల్ట్ సరిచేయడం సగం పనే. ఆ ఖాతా నిజంగా బడి చేతిలో ఉందా అన్నది మిగతా సగం. పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన ఖాతా మనదని చెప్పలేం. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఎవరివో వారి చేతిలోనే తాళం ఉన్నట్టు. కొత్త కంప్యూటర్లో తెరవగానే ఓటీపీ ఆ ఫోన్‌కే వెళ్తుంది. విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు ఊరు మారి, ఆ సిమ్ వదిలేసి ఉంటే, బడి తన మెయిల్ వాకిట్లో తానే నిలబడిపోవాలి.

గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో ‘సెక్యూరిటీ’ భాగం తెరిచి ఆ రెండూ చూడండి. బడి పేరున ఒక సిమ్ ఉంటే దాన్నే ఇవ్వండి. రెండంచెల తనిఖీ పెట్టినప్పుడు గూగుల్ 10 బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ముద్రించి, సీలు వేసిన కవరులో బీరువాలో పెట్టండి. ఛార్జి అప్పగింత జాబితాలో బీరువా తాళాలు, చెక్కు పుస్తకం పక్కన బడి మెయిల్‌ను కూడా ఒక అంశంగా చేర్చండి. అప్పగించిన రోజే కొత్తగా వచ్చినవారు పాస్‌వర్డ్ మార్చుకుని, పాత పరికరాల నుంచి సైన్ అవుట్ చేయాలి. దీన్ని అనుమానంగా తీసుకోకూడదు. వెళ్లిపోయేవారి మీద నింద పడకుండా కాపాడేది కూడా ఇదే.

గుమాస్తాకూ ప్రధానోపాధ్యాయుడికీ ఇద్దరికీ మెయిల్ కావాలంటే ఒకే పాస్‌వర్డ్ పంచుకోవాల్సిన పని లేదు. జీమెయిల్‌లో డెలిగేషన్ అనే ఏర్పాటుంది. బడి ఇన్‌బాక్స్‌ను చదివి, జవాబివ్వడానికి మరొకరికి వారి సొంత ఖాతా ద్వారా అనుమతి ఇవ్వవచ్చు. అక్కరలేనప్పుడు తీసేయవచ్చు.

ఇంకో రెండు జాగ్రత్తలున్నాయి. ఉచిత గూగుల్ ఖాతాలో మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి 15 జీబీ చోటుంటుంది. వార్షికోత్సవ వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిల్ రావడం ఆగిపోతుంది. అలాగే, రెండేళ్ల పాటు ఎవరూ వాడని సొంత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. శాఖ దగ్గర నమోదైన మీ పాత చిరునామా అలా మూలన పడి ఉంటే వెంటనే ఒకసారి తెరిచి, అందులోని మెయిల్ కొత్తదానికి వచ్చేలా ‘ఫార్వర్డింగ్’ పెట్టండి. తర్వాత ప్రతి పోర్టల్‌లోనూ చిరునామా మార్పించండి.

అక్షరాలు అర్థం కాకుండా వస్తే

మన బడి మెయిల్ ఒకే భాషలో నడవదు. శాఖ నుంచి కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో వస్తుంది. తల్లిదండ్రులకు తెలుగులో పోతుంది. తెలుగును అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసి పంపితే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఇంగ్లిషు అక్షరాల కలగాపులగం కనిపిస్తుంది. కన్నడ నుడి, ఒడియా ఆకృతి పాత ఫాంట్ల లేఖలు మన దగ్గర అలాగే కనిపిస్తాయి.

మెయిల్ రాసేటప్పుడు యూనికోడ్ తెలుగు వాడితే ఈ చిక్కుండదు. విండోస్ ‘సెట్టింగ్స్’లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’ కింద తెలుగు చేర్చుకుంటే కీబోర్డు వస్తుంది. ఫాంటు విండోస్‌లోనే ఉంటుంది. పాత అవుట్‌లుక్‌లో పంపిన తెలుగు అవతల ప్రశ్నార్థకాలుగా కనిపిస్తే ‘ఫైల్’, ‘ఆప్షన్స్’, ‘అడ్వాన్స్‌డ్’ లోకి వెళ్లి, బయటికి పోయే మెయిల్ ఎన్‌కోడింగ్‌ను ‘యూటీఎఫ్-8’గా పెట్టండి. పాత ఫాంట్‌లో ఉన్న లేఖను తప్పనిసరిగా పంపాల్సి వస్తే పీడీఎఫ్‌గా మార్చి జతచేయండి.

తల్లిదండ్రులు అడగాల్సినవి

ఇదంతా కార్యాలయం గొడవ, మనకేం పని అని తల్లిదండ్రులు అనుకోనక్కరలేదు. మీ పిల్లల ఉపకార వేతనం, బదిలీ ధ్రువపత్రం, పరీక్షకు ఎంచుకున్న మొదటి భాష, ఇవన్నీ ఆ ఇన్‌బాక్స్ మీదుగానే నడుస్తాయి. పాఠశాల యాజమాన్య సంఘం సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. బడి అధికారిక మెయిల్ ఏది? దాన్ని రోజూ ఎవరు చూస్తారు? వారు సెలవు పెడితే ఎవరు చూస్తారు?

మీ తరఫు నుంచి కూడా ఒక నియమం పాటించండి. పిల్లల ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్లు ఉపాధ్యాయుల సొంత మెయిల్‌కో వాట్సాప్‌కో పంపకండి. బడి చిరునామాకే పంపి, అందినట్టు జవాబు అడగండి. మీ ఇళ్లలో కంప్యూటర్ తెలిసిన కొడుకో కూతురో ఉంటే, ఒక శనివారం మధ్యాహ్నం బడికి పంపండి. పైన చెప్పిన పనులన్నిటినీ ప్రధానోపాధ్యాయుడి సమక్షంలోనే చేయాలి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం వారిదే వేలు.

చేసి చూడాల్సిన వరుస

1. బడి అధికారిక మెయిల్ చిరునామా ఏదో తేల్చి, నోటీసు బోర్డు మీద రాయండి.

2. యూడైస్ ప్లస్‌లో, రాష్ట్ర పోర్టల్‌లో, పరీక్షల బోర్డులో అదే చిరునామా ఉందో లేదో చూడండి.

3. అవుట్‌లుక్‌లో బడి ప్రొఫైల్‌ను ‘ఆల్వేస్ యూజ్’ కింద, బడి ఖాతాను ‘డీఫాల్ట్’ కింద పెట్టండి. ప్రతి విండోస్ లాగిన్‌లోనూ ఇదే చేయండి.

4. క్రోమ్‌లో బడికి విడిగా ప్రొఫైల్ పెట్టి, సొంత ఖాతాలను అందులోంచి తీసేయండి.

5. పంపేవారి పేరు, సంతకం, యూడైస్ సంఖ్య సరిచూడండి.

6. రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మార్చండి. బ్యాకప్ కోడ్‌లు బీరువాలో దాచండి.

7. పాత పీఎస్‌టీ దస్త్రానికి నకలు తీయకుండా పాత ప్రొఫైల్ తీసేయకండి.

8. చివరగా కంప్యూటర్‌ను ఆపి మళ్లీ తెరిచి, వేరే చిరునామాకు ఒక మెయిల్ పంపండి. అది ఎవరి పేరున చేరిందో అక్కడ చూడండి. దానికి జవాబిచ్చి, ఆ జవాబు బడి ఇన్‌బాక్స్‌లోనే పడిందో లేదో చూడండి.

ఎనిమిదో పని చేయనిదే మొదటి ఏడూ పూర్తయినట్టు లెక్కపెట్టకండి.